చౌడులో నాలుగు ఊళ్లు

దేశ భద్రత మీద నేను విన్న మొట్టమొదటి ఉపన్యాసం ఒక కల్యాణ మండపంలో జరిగింది. వేదిక వెనక గోడకు ముందురోజు పెళ్లివాళ్లు అతికించిన థర్మాకోలు అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటి మీద సదస్సు బ్యానరు కట్టారు గానీ వెడల్పు చాల్లేదు. ఎడమ పక్కన ‘శుభ’ అన్న రెండక్షరాలు, చుట్టూ కాగితం పూలతో సహా, బయటికి కనిపిస్తూనే ఉన్నాయి. ఆ శుభ పక్కన నిలబడి ఢిల్లీ నుంచి వచ్చిన ఒకాయన, సరిహద్దు దాటి చొరబడేవాళ్లను ఆకాశం నుంచి ఎలా కనిపెట్టాలో మహా గంభీరంగా చెప్తున్నాడు. నాకు నవ్వాగలేదు.

మా సారు మోచేత్తో ఒక్క పొడుపు పొడిచారు. “నవ్వొద్దు పాపా. ఈ పొద్దు మన బతుకంతా ఈడుండాది.”

ఆ మాట నిజమే. కర్నూల్లో ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో, ఏడుగురం పనిచేసే ఆఫీసు మాది. ఉపగ్రహాలు పైనుంచి తీసిన బొమ్మలను కంప్యూటర్లో తెరిచి, చెరువు చుట్టూ నీలం గీత, పొలం చుట్టూ పచ్చగీత, ఊరి చుట్టూ ఎర్రగీత గీసి మ్యాపులు తయారుచేసేవాళ్లం. చేతిలో ఉన్న పని అయిపోవచ్చింది. కొత్తది రాలేదు. సదస్సులో ఎవరైనా పని ఇస్తే సరే, లేకపోతే వచ్చే నెలలో ఆఫీసుకు తాళం వేస్తానని సారు అందర్నీ నిలబెట్టి చెప్పేశారు.

తాళం పడితే మిగతా ఆరుగురూ ఏదో ఒకటి చూసుకునేవాళ్లే. నా సంగతే వేరు. డోన్‌లో రైల్వే స్టేషన్ దగ్గర మా నాన్నకు కిరాణా కొట్టు ఉంది. మా వంశంలో ఆడపిల్ల వేరే ఊళ్లో ఉద్యోగం చేయడం నాతోనే మొదలు. నన్ను కర్నూలు పంపేటప్పుడు నాన్న ఒక్కటే మాట అన్నాడు. “ఆ ఆఫీసు మూసినారంటే మళ్లీ ఇంకో ఊరు పోతానని అనగూడదు. వచ్చి కొట్లో కూచోవాల.” నేను సరేనన్నాను. ఆరోజు అనకపోతే బస్సే ఎక్కనిచ్చేవాడు కాదు.

కొట్టంటే నాకు అసహ్యమేమీ లేదు. ఆ చింతపండు, ఎండుమిరపకాయల వాసనలోనే పెరిగాను. కానీ కంప్యూటర్లో ఒక బొమ్మ తెరుచుకుని, ఎక్కడో పుట్టిన వంక మలుపులు తిరుగుతూ తుంగభద్రలో కలిసేదాకా దాని వెంట వేలు పెట్టి పోతుంటే నాకు కలిగే సంతోషం వేరు. అది వదులుకోవాలంటే నిజంగా ఏడుపొచ్చేది. మా ఆఫీసులో ఆ సంగతి ఎవరికీ తెలియదు. నాకు ముక్కు మీద కోపం ఉందని మాత్రం అందరికీ తెలుసు.

ఇంత పెద్ద సదస్సు కర్నూలుకు ఎందుకొచ్చిందంటే, అదీ ఒక పంతం కథ. మ్యాపుల కంపెనీలూ, వాటి యంత్రాలు అమ్మేవాళ్లూ, రక్షణ శాఖలో ఆ పనులు చూసే పెద్దలూ కలుసుకునే సభ అది. హైదరాబాదువాళ్లు బెంగుళూరు రామన్నారట, బెంగుళూరువాళ్లు హైదరాబాదు పోమన్నారట. హైవే మీద ఇద్దరికీ నడుమ మేమున్నాం. ఎవరి పంతమూ నెగ్గకుండా కర్నూలు ఖాయమైంది. ఊళ్లో అంతమంది పట్టే చోటు కల్యాణ మండపం ఒక్కటే. పెళ్లికూతురి గది ఉపన్యాసకులకిచ్చారు, పెళ్లికొడుకు గదిలో కంప్యూటర్లు పెట్టారు. పొద్దున టిఫిను బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. ఉత్తరాది నుంచి వచ్చిన పెద్దమనుషులు బజ్జీ కొరికి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఇంకోటి వేయించుకోవడం నేను కళ్లారా చూశాను.

సారుది కడప. సర్వే శాఖలో చేసి రిటైరయ్యారు. గొంతు తగ్గించి మాట్లాడటం ఆయనకు చేతకాదు. పాత స్నేహితుడొకాయన్ను పట్టుకుని, సదస్సులో ఒక బల్ల, వేదిక మీద పది నిమిషాలు సంపాదించారు. ఆ పది నిమిషాల్లో ఆయన చెప్పదలుచుకున్నది ఇది: పాత మ్యాపు ఒక్కటి కూడా ముట్టుకోకుండా, ఉత్త ఉపగ్రహం బొమ్మతో, ముక్కూమొహం తెలియని నేల మీద కూడా ఒక్క ఊరు తప్పిపోకుండా చూపిస్తాం. రక్షణ శాఖకు కావలసింది అదే కదా, అవతలి దేశం మ్యాపులు మనకెవరిస్తారు అని ఆయన వాదన. నమూనాగా కోసిగి పక్క ప్రాంతాన్ని ఎంచుకున్నారు. ఆ మ్యాపు నేనే చేశాను. గోడంత పెద్దదిగా అచ్చు వేయించి మా బల్ల వెనక తగిలించాం. ఒక సగం ఉపగ్రహం బొమ్మ, ఇంకో సగం నేను గీసి రంగులు నింపిన మ్యాపు. ఎంత బాగుందో! వచ్చిన వాళ్లంతా అక్కడ ఒక్క నిమిషం ఆగి చూసిపోతుంటే నా కాళ్లు నేల మీద లేవు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. కంప్యూటర్లో గీసింది నిజమో కాదో ఆయా చోట్లకు పోయి చూసి, కాగితం మీద టిక్కు పెట్టుకుని రావాలన్నది మా పనిలో నియమం. కోసిగి పక్కకు నన్నే పంపారు. మృగశిర దాటినా చుక్క వాన లేదు, ఎండ నెత్తి మాడ్చేస్తోంది. కోసిగిలో బస్సు దిగేసరికి లోపలి ఊళ్లకు పోయే బస్సు వెళ్లిపోయింది. మళ్లీ సాయంత్రమేనన్నారు. నేను చూడాల్సినవి నాలుగు తెల్లటి మచ్చలు. బొమ్మలో అంత తెల్లగా మెరిసేది చౌడు నేలే. ఉప్పు తేలి, పైరు మొలవక, పిండి చల్లినట్టుంటుంది. సోడా కొట్టు ముందు బండి ఆపుకున్న ఒకాయన్ను అడిగాను.

“ఆ పక్క చౌడు ఉందా అప్పా?”

“ఓ, శానా ఉండాది. వానలొస్తాండాయని మిద్దెలకు తోలుకుంటాండాం గదా.”

అంతే. రెండో సోడా తాగి, నాలుగు చోట్లా ‘చౌడు’ అని టిక్కులు పెట్టేసి, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చేశాను. ఒక్క అనుమానం మాత్రం ఉండేది. ఆ తెల్లమచ్చల్లో ప్రతిదాని దగ్గరికీ నాలుగైదు బండిదారులు వచ్చి కలుస్తున్నాయి. పనికిరాని నేలకు ఇన్ని దారులెందుకు? ఇంకో ప్రాంతం వాళ్లయితే ఆలోచనలో పడేవాళ్లేమో. మా సీమలో పుట్టినదాన్ని కాబట్టి నాకు సమాధానం వెంటనే దొరికింది. మట్టి మిద్దెలకు వాన దిగకుండా ఏటా పైన చౌడు పోస్తారు. దాన్ని తవ్వి తోలుకోవడానికి బండ్లు పోతాయి. అందుకే దారులు! నా తెలివికి నేనే మురిసిపోయాను.

సదస్సు రోజు పొద్దున్నే భద్రత చూసే అధికారి ఒకాయన ప్రతి బల్ల దగ్గరికీ వచ్చి మ్యాపులు తనిఖీ చేశాడు. మాదాంట్లో మంత్రాలయం పక్కన తుంగభద్ర మీదున్న రైలు వంతెన కనిపించింది. అలాంటివి బహిరంగంగా చూపకూడదని దాని మీద తెల్లకాగితం ముక్క అతికించి పోయాడు. నాకు ఒళ్లు మండింది గానీ సారు కళ్లతోనే ఆపారు.

మొదటి ఉపన్యాసం అయ్యాక టీ ఇచ్చారు. ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ ఒకామె మా బల్ల దగ్గరికొచ్చింది. నలభై ఏళ్లుంటాయి. షామియానాలు వేసే కూలీల గుంపులో మనిషి. అవి కట్టడం అయ్యాక ఈ పనీ చేయమన్నట్టున్నారు. గ్లాసుల బుట్ట చంకన పెట్టుకుని మా మ్యాపు ముందు అలాగే నిలబడిపోయింది.

“ఏ ఊరక్కా మీది?” అన్నాను, నా పనితనం చూపించుకునే ఉత్సాహంలో.

కోసిగి పక్క ఒక చిన్న ఊరి పేరు చెప్పింది.

“అయితే ఇది మీ పక్కదే! ఇదిగో కోసిగి. ఇది రైలు దారి.”

ఆమె బుట్ట కింద పెట్టింది. చదువు రాదని తర్వాత తెలిసింది గానీ, ఆ బొమ్మను ఆమె చూసిన తీరు చదివినట్టే ఉంది. కోసిగి దగ్గర వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయింది. “ఇది కోసిగి దావ. ఈడ కల్వర్టు. ఇదో, మా వంక. వంక దాటినాక ఎడమకు తిరిగితే...” వేలు వచ్చి ఒక తెల్లమచ్చ మీద ఆగింది. ఆ పక్క సగంలో అదే చోట నేను బూడిదరంగు నింపి ఉంచాను.

“మా ఊరు యాడికి పోయినాదమ్మా?”

“అక్కడ ఊరేం లేదక్కా. అది చౌడు.”

“చౌడా? నిన్నగాక మొన్న ఆన్నుంచే గదమ్మా బస్సెక్కినా!”

నాకు కోపమొచ్చింది. చుట్టూ జనం ఉన్నారు. “ఉపగ్రహం తీసిన బొమ్మ అది. నువ్వు దారి పొరబడి ఉంటావు” అన్నాను గట్టిగా.

ఆమె నా కోపాన్ని లెక్కచేయలేదు. మ్యాపు మీద అతికించిన కాగితం ముక్క చూపించి, “దీని కింద ఏముండాది?” అంది.

“రైలు వంతెన. దేశ భద్రత కోసం దాచిపెట్టారు.”

“అట్లనా. మా ఊరు గూడా దేశానికోసరమే దాచినారా?”

ఎగతాళి చేస్తోందో నిజంగా అడుగుతోందో తెలియలేదు. పక్క బల్ల వాళ్లు కిసుక్కున నవ్వారు. నేను నోరు తెరిచేలోపే ఆమె మళ్లీ అందుకుంది. “చౌడంటావు గాని, చౌడు మా మిద్దెల మింద గదమ్మా ఉండేది! ఊర్లో ఉండే మిద్దెలన్నిటికీ అదే పోస్తాం. పైనుంచి చూస్తే చౌడు గాక ఏం కనపడతాది?”

నేను తిరిగి ఆ తెల్లమచ్చను చూశాను.

మా డోన్ పాత ఇంటి మీదా చౌడే ఉండేది. చిన్నప్పుడు వానలకు ముందు నాన్న గంపలతో పోయిస్తే, గట్టిపడాలని నేనే పైనెక్కి తొక్కేదాన్ని. అరికాళ్లకు తెల్లగా అంటుకునేది. ఆ తొక్కినదాన్ని నేనే, నాలుగు ఊళ్ల మిద్దెలను చూసి బీడు నేల అని రాశాను. నా తెలివి తగలెయ్య! దారులన్నీ ఊళ్లోకే పోతున్నాయి. చౌడు తోలుకోవడానికి కాదు, ఇళ్లకు పోవడానికి.

ఆమె బుట్ట ఎత్తుకుంది. “పనులకు మేం శానా మంది పోతాం. ఊరు సగం ఖాళీ అయితాది. అట్లని ఊరే లేకుండా చేస్తే ఎట్లమ్మా?” అని నవ్వుతూనే అని, పక్క బల్ల గ్లాసులు ఏరుకోవడానికి పోయింది.

నేను పరుగున పోయి సారును పెళ్లికూతురి గదిలో పట్టుకున్నాను. సోడా కొట్టు దగ్గర టిక్కులు పెట్టిన సంగతితో సహా మొత్తం చెప్పేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడారు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

“పోకుండానే పోయినానని రాస్తివా?”

“అవును సార్.”

“నాలుగు ఊర్లు మింగి కూచ్చుంటివి గదే తల్లీ. భోజనాల ముందు మన పది నిమిషాలు. ఒక్క ఊరు తప్పిపోదని చెప్పాల నేను. ఇప్పుడు యాడ పెట్టుకోవాల మొహం?”

“నిజం చెప్పేద్దాం సార్.”

“చెప్తే పనిస్తారా ఎవరన్నా? నోరు మూసుకోని కూచ్చో. కోసిగి యాడుందో ఈళ్లెవరికీ తెలీదు.”

అది నిజమే. ఆ హాల్లో కోసిగి మొహం చూసినవాళ్లు గ్లాసులెత్తే ఆమె తప్ప ఎవరూ లేరు. నోరు మూసుకుంటే ఆఫీసు నిలబడుతుంది. నోరు తెరిస్తే నేను డోన్‌లో త్రాసు ముందు కూర్చుంటాను. వచ్చి కుర్చీలో కూలబడ్డాను. నా ముందు ఎవరో సరిహద్దుల గురించి చెప్తున్నారు, ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు.

సారు వంతు వచ్చింది. వేదికెక్కి, మైకు అవసరం లేకపోయినా పట్టుకుని, నెమ్మదిగా ఇంగ్లీషులో మొదలుపెట్టారు. బాగానే సాగింది. తెర మీద నా మ్యాపు వచ్చింది. “ఈ పద్ధతిలో ఒక్క ఊరు కూడా...” అని ఆగిపోయారు. మంచినీళ్లు తాగారు. మళ్లీ “ఒక్క ఊరు కూడా...” అన్నారు. నలభై ఏళ్లు గొలుసు పట్టి నేల కొలిచిన మనిషి. తప్పు కొలతను ఒప్పని చెప్పడం ఆయన నోటికి రాలేదు. ఆ క్షణంలో ఆయనంటే నాకు కలిగిన గౌరవం అంతకుముందెప్పుడూ కలగలేదు. అది ఒక్క క్షణమే. ఎందుకంటే మరుక్షణం ఆయన, “మిగిలింది ఈ మ్యాపు చేసిన మా అమ్మాయి చెప్తుంది” అని మైకు నా వైపు చాచారు.

చచ్చాన్రా దేవుడా అనుకుంటూ వేదికెక్కాను. నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆవిరైపోయింది. మిగిలింది హిందీ, అదీ మా వీధిలో సాయిబుల ఇళ్ల మధ్య నేర్చుకున్న కర్నూలు ఉర్దూ. అందులోనే ఎత్తుకున్నాను. ఇక్కడ నాలుగు ఊళ్లున్నాయి, నేను చౌడని రాశాను, సోడా కొట్టు దగ్గరే నిలబడి, చూడకుండానే చూశానని టిక్కు పెట్టాను, దారులు చూసి కూడా చౌడు తోలే బండ్లవని అనుకున్నాను, అదంతా నాకు గంట కిందే తెలిసింది. అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

హాలంతా గొల్లుమంది. నా భాషకు కొంత, నా తెలివికి కొంత. సారు నేల చూపులు చూస్తున్నారు. ముందు వరసలో తెల్లమీసాల పెద్దాయన ఒకాయన మాత్రం నవ్వలేదు. సైన్యంలో మ్యాపుల విభాగం చూసి రిటైరై, ఇప్పుడు ఇలాంటి పనులు ఎవరికివ్వాలో సలహా చెప్పే మనిషి. చెయ్యెత్తాడు.

“నీకు గంట కింద ఎవరు చెప్పారు?”

“గ్లాసులు ఏరే ఆమె సార్.”

“ఆమెను పిలవండి.”

ఆమె వంటశాలలో ఉందట. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఏదో తప్పు జరిగిందని పిలిచారనుకున్నట్టుంది. నన్ను చూసి, “నేనేమన్నా ఎక్కువ మాట్లాడితినామ్మా?” అంది చిన్నగా. లేదక్కా, ఈ సారు ఏదో అడగాలంటున్నారు అన్నాను. పెద్దాయన హిందీలో అడగడం, నేను తెలుగులో చెప్పడం, ఆమె మాట మళ్లీ ఆయనకు చేర్చడం.

“ఇది ఊరో, ఉత్త చౌడు నేలో పైనుంచి తెలుసుకునే దారి ఏమైనా ఉందామ్మా?”

ఆమె తెర దగ్గరికి పోయింది. మా దగ్గరున్నది చవకరకం బొమ్మ. అందులో ఒక ఇల్లు ఒక్క చుక్కంత కనిపిస్తుంది. ఆ తెల్లమచ్చ మధ్యలో అక్కడక్కడా నల్లచుక్కలున్నాయి. గడ్డి మొలిచిన చోట్లని నేను వదిలేశాను. ఆమె వాటిని చూపించింది.

“నేల మింద చౌడంతా ఒకటే మాదిరి ఉంటాది. మిద్దె మిందిది అట్లుండదు. ఈ యేడు పోసింది తెల్లగుంటాది. పోయిన యేడుది వానకు కొట్టుకోనిపోయి మాసిపోతాది. ఈ మాసినవి ఉండాయి సూడు, ఈ ఇండ్లల్లో మనుసులు లేరు. పనులకు పోయినారు. ఎవురు పోస్తారు చౌడు?” కాసేపు వెతికి, వంక దగ్గర ఒక నల్లచుక్క మీద వేలు పెట్టింది. “ఇది మాదే అనుకుంటా. ఎండాకాలమంతా మేం బెంగుళూరులో ఉండాం. మాదీ పొయ్యలేదు.”

ఇది ఉర్దూలోకి మార్చి పెద్దాయనకు చెప్పాను. ఈసారి హాల్లో ఎవరూ నవ్వలేదు. పెద్దాయన లేచి తెర దగ్గరికొచ్చి, కళ్లద్దాలు పైకెత్తి, ఆ చుక్కను చాలాసేపు చూశాడు. తర్వాత ఆమెకు చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. ఆమె గాభరాపడి, “అన్నాలకు ఆకులేయాల, నేను పోతా” అని వెళ్లిపోయింది.

మాకు మాత్రం ఆయన ఏమీ చెప్పలేదు. పెద్ద పనులన్నీ బెంగుళూరు కంపెనీలకే పోయాయని భోజనాల దగ్గర తెలిసింది. సాయంత్రం మ్యాపు చుట్టుకుని ఆటోలో సారుతో వస్తూ నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన తిడతారనుకున్నాను. “ఏడ్చొద్దు పాపా. నాకు గూడా నోరు రాల్యా గదా” అన్నారు చివరికి. ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి, వచ్చేస్తానని చెప్పి, సామాను సర్దుకోవడం మొదలుపెట్టాను.

నెలన్నర గడిచింది. తాళం వేసే రోజు సారు రెండుసార్లు వాయిదా వేశారు. మూడోసారి వేయబోయే వారంలో ఉత్తరం వచ్చింది. పెద్ద కంపెనీలు చేసిన మ్యాపులన్నిటినీ ఊరూరా తిరిగి సరిచూసే పని మాకు ఇస్తున్నామని, మా పక్క జిల్లాలతో మొదలుపెట్టమని అందులో ఉంది. కింద ఆ పెద్దాయన చేత్తో ఒక వాక్యం రాశాడు: ఈసారి సోడాలు తక్కువ తాగమని ఆ అమ్మాయికి చెప్పండి. ఆ ఉత్తరం చదివి సారు అరిచిన అరుపుకు కింద మందుల షాపాయన పైకి పరిగెత్తుకొచ్చాడు.

మొదట ఆ నాలుగు ఊళ్లకే పోయాను. బస్సు లేకపోతే నడిచి పోయాను. వంక దాటి ఎడమకు తిరిగితే ఆమె ఊరు నిజంగానే అక్కడుంది. గుడి, బడి, బోరింగు, నూటికి పైగా మిద్దెలు. ఆమె ఇంటికి తాళం వేసుంది. గుంటూరు పక్క మిరప నారు నాటడానికి పోయారని పక్కింటి ముసలామె చెప్పింది. మా ఫారంలో తాళం వేసిన ఇంటికి ‘ఖాళీ’ అని రాయాలని ఉంది. ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఖాళీ అన్నది కొట్టేసి, ‘పనికి పోయారు, వస్తారు’ అని రాశాను. సారు చూసి, రూలు కాదే అని గొణిగి, మిగతా ఫారాలన్నిటిలోనూ అదే గడి గీయించారు.

ఆ తర్వాత ఒక ఆదివారం డోన్ పోయాను. ఆఫీసు మూయలేదని, మ్యాపులో లేని నాలుగు ఊళ్లు ఎక్కించానని, ఇక రానని ఫోన్లో చెప్పినప్పుడు నాన్న “సరే” అని పెట్టేశాడు. కోపమొచ్చిందేమోనని భయంభయంగానే కొట్లో అడుగుపెట్టాను. గల్లాపెట్టె పక్కన కొత్త కుర్చీ. చేతులున్నది, మెత్తటి దిండున్నది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. మా అమ్మ నా చెవిలో చెప్పింది, “నువ్వొస్తావని ఆ మీటింగు వారంలోనే తెచ్చిపెట్టినాడు. మూడు కొట్లు తిరిగి ఎంచినాడు.”

నాన్నకు అంత ఆశ ఉందని నాకు తెలియదు. ఆ కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. అంతలో పాత బేరగాడొకాయన వచ్చాడు. “ఏం శెట్టీ, కూతురు వచ్చేసినాదా?” అన్నాడు.

“ల్యా అప్పా, పొద్దు మునిగేలోపల పోతాది. దానికి శానా పనుండాది.” నాన్న ఆ కుర్చీ మీది కవరు తనే చింపి, ఆయన్ను అందులో కూర్చోబెట్టాడు. “కోసిగి పక్క నాలుగు ఊర్లు తప్పిపోయినాయి. సర్కారు మ్యాపులో యాడ సూసినా ల్యావు. పెద్ద పెద్దోళ్లు, ఢిల్లీ నుంచి వచ్చినోళ్లు గూడా కనుక్కోల్యా. చౌడులో కలిసిపోయుంటే మా పాపే తీసింది.”

ఆయన “ఓహో” అని నా వైపు గౌరవంగా చూశాడు. నాన్న ఇంకా పొడిగిస్తూనే ఉన్నాడు. ఆరోజు వచ్చిన ప్రతి బేరానికీ అదే కథ. ఆ ఊళ్లను చౌడులో కలిపిందెవరని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నాన్న పోయేదాకా చెప్పలేదు.